టార్బెల్ లాకర్‌లో దీపం

బుధవారం ఉదయం ఎనిమిది గంటలకు డెల్ హార్ట్‌విక్ కాఫీ కప్పు పక్కన పెట్టి, ఆ రోజు చేయవలసిన మూడు పనులు కాగితం మీద రాసుకున్నాడు. ఒకటి, టార్బెల్ ఎక్కడున్నాడో కనుక్కోవాలి. రెండు, సాయంత్రం నాలుగింటికి అతన్ని ఇన్సూరెన్స్ డాక్టరు ముందు కూర్చోబెట్టాలి. మూడు, ఐదింటికి డాక్టరు ఇచ్చిన కాగితం మిసెస్ వోస్ చేతికివ్వాలి. రాసింది మళ్ళీ చదువుకుని మొదటి దాని కింద గీత గీశాడు.

డెల్ హెరాన్స్ బేస్‌బాల్ జట్టుకు జనరల్ మేనేజర్. ఆటగాళ్ళను తీసుకోవడం, వదిలించుకోవడం, ఒప్పందాలు రాయించడం అతని పని. మిసెస్ వోస్ జట్టు యజమానురాలు. వయసు ఎనభై నాలుగు. భర్త పోయినప్పుడు ఆమెకు ఒక సిమెంటు కంపెనీ, ఒక జట్టు మిగిలాయి. సిమెంటు కంపెనీ లాభాల్లో ఉంది. సోమవారం ఆమె డెల్‌కు ఫోన్ చేసింది.

"అబ్బాయ్, బుధవారం ఐదింటికి ఆ కాగితం నా బల్ల మీద లేకపోతే, గురువారం తొమ్మిదింటికి నీ కుర్చీలో ఇంకొకళ్ళు కూర్చుంటారు."

ఏడేళ్ళ కిందట గ్రేడీ టార్బెల్ ఫ్రీ ఏజెంట్ అయ్యాడు. అంటే పాత జట్టుతో గడువు తీరిపోయి, ఎవరు ఎక్కువిస్తే వాళ్ళ దగ్గరికి వెళ్ళగల మనిషి. అప్పుడతనికి ముప్పై ఒకటి. ఆ ఏడు నలభై ఒక్క హోమ్ రన్లు కొట్టాడు, అంటే నలభై ఒక్కసార్లు బంతిని గోడ దాటించాడు. ఇంకో జట్టు తొమ్మిదేళ్ళ ఒప్పందం ఇస్తానంది. డెల్ పదేళ్ళిచ్చాడు. ఇరవై నాలుగు కోట్ల డాలర్లు. ఆడినా ఇవ్వాలి, ఆడకపోయినా ఇవ్వాలి. అవతలి జట్టువాళ్ళు అదే హోటల్లో కింద సోఫాలో కూర్చుని ఉన్నారు. వైద్య పరీక్ష కోసం రెండు రోజులు ఆగితే చేజారిపోతాడని డెల్ పరీక్ష లేకుండానే సంతకం పెట్టించాడు. జట్టువాళ్ళు పరీక్ష చేయించే ఉంటారనుకుని ఇన్సూరెన్స్ కంపెనీ కూడా సంతకం పెట్టింది.

టార్బెల్ రెండేళ్ళు బాగా ఆడాడు. మూడో ఏడు సగం ఆడాడు. నాలుగో ఏడు అతని తుంటి ఎముక అరిగిపోయిందని తేలింది. అరగడం మొదలై ఆరేళ్ళయిందని కూడా తేలింది.

ఒప్పందంలో ఇంకా మూడేళ్ళు మిగిలి ఉన్నాయి. మూడేళ్ళకు ఏడు కోట్ల ఇరవై లక్షల డాలర్లు. టార్బెల్ ఇక ఆడలేడని ఇన్సూరెన్స్ డాక్టరు రాసిస్తే అందులో ముప్పాతిక వంతు కంపెనీ భరిస్తుంది. షరతులు రెండు. ఈలోగా అతను ఒక్క ఆటలో కాలు పెట్టినా పైసా రాదు. ఇక, గాయపడినవాళ్ళ జాబితాలో ఉన్నవాణ్ణి కంపెనీ పరీక్షించదు కాబట్టి, ఒక రోజు ముందు పేరు ఆ జాబితాలోంచి తీయాలి. డెల్ మంగళవారమే తీయించాడు. ఆ ఒక్క రోజూ కాగితాల లెక్కన టార్బెల్ ఆడగల మనిషి.

చిక్కేమిటంటే, అతన్ని చూసినవాళ్ళు లేరు. రెండేళ్ళుగా ఫోన్ ఎత్తడు. జీతం బ్యాంకుకు పోతూ ఉంటుంది. డెల్ కాఫీ వదిలేసి మెట్లు దిగి ఆటగాళ్ళ గదికి వెళ్ళాడు.

ఆటగాళ్ళు ఇంకా రాలేదు. గదిలో ఒక మూల మాత్రం దీపం వెలుగుతోంది. అది టార్బెల్ లాకర్. ఒప్పందంలో పదకొండో షరతు ప్రకారం పదేళ్ళూ ఆ మూల లాకర్ అతనిదే. దీపం ఆర్పకూడదు. ఆట ఉన్న ప్రతిరోజూ ఉతికిన చొక్కా తగిలించి, బూట్లు తుడిచి పెట్టాలి. నలభై ఏడో నంబరు చొక్కా హ్యాంగరుకు వేలాడుతోంది. స్టూలు మీద టోపీ ఉంది.

ఇగ్గీ కోవాల్చిక్ బట్టల బుట్ట తోసుకుంటూ వచ్చాడు. ఆ గదికి అతనే పెద్ద. నలభై ఒక్క ఏళ్ళుగా చొక్కాలు ఉతికిస్తున్నాడు. బల్ల మీద వరసగా పరిచిన ఇరవై ఆరు చొక్కాలకు ఎడమ చేతి మీద నల్ల టేపు ముక్క అతికించి ఉంది.

"ఎవరు పోయారు?" అని అడిగాడు డెల్.

"ఎవరూ పోలేదు బాస్. టార్బెల్ పోయాడని పెగెరో అనుకుంటున్నాడు."

ఎలియాస్ పెగెరో రెండు వారాల కిందట వేరే జట్టు నుంచి వచ్చిన క్యాచర్, బ్యాటు పట్టినవాడి వెనక కూర్చుని బంతి పట్టేవాడు. డొమినికన్ రిపబ్లిక్ మనిషి.

"వాడికెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలా. ఆ లాకర్ చూశాడు. చొక్కా ఉంది, బూట్లున్నాయి, దీపం ఉంది, మనిషి లేడు. మన ఆటలో ఎవడైనా మధ్యలో పోతే సీజన్ అయ్యేదాకా ఇట్లాగే పెడతాం గదా. సంస్కారం ఉన్నవాడు, అడిగితే బాగుండదని అడగలేదు. చేతికి టేపు అంటించుకున్నాడు. ఆ రోజు నాలుగు హిట్లు కొట్టాడు."

"తరవాత?"

"తరవాతేముంది, మర్నాడు ఇద్దరంటించుకున్నారు. గెలిచాం. ఆ మర్నాడు పదిమంది. ఇప్పుడందరూ. ఎనిమిది ఆటలు, ఎనిమిదీ గెలిచాం."

"వాడు బతికే ఉన్నాడని మిగతావాళ్ళకి తెలుసు కదా ఇగ్గీ?"

"తెలుసు. అయితే ఎవడు నోరు విప్పుతాడు? గెలుస్తున్నప్పుడు అదృష్టం చెడుతుందని నేను వాళ్ళ మేజోళ్ళే ఉతకట్లేదు. ఇంక ప్రాణాలు పోసే పని నాకెందుకు?"

డెల్‌కు కోపం రాలేదు. ఎనిమిది గెలుపుల తర్వాత అతనూ వారం నుంచి ఒకే టై కట్టుకుంటున్నాడు. టార్బెల్ ఎప్పుడొస్తాడని మాత్రం అడిగాడు.

"రోజూ వస్తాడు."

"నువ్వు చూశావా?"

"చూళ్ళేదు." ఇగ్గీ బుట్టలోంచి ఒక జత బట్టలు తీసి పైకెత్తాడు. ప్యాంటు ఎడమ పక్కంతా ఎర్రమట్టి. చొక్కా మెడ దగ్గర చెమట ఆరి చారలు కట్టింది. నంబరు నలభై ఏడు. "సాయంత్రం ఉతికింది తగిలించి పోతాను. పొద్దున్నే వచ్చేసరికి ఇట్లా బుట్టలో ఉంటుంది, ఇంకోటి తగిలిస్తాను. రెండేళ్ళనుంచీ ఇంతే. నలుగురిలోకి రావడానికి మొహం చెల్లక, ఎవరూ లేనప్పుడు వచ్చి పోతున్నాడనుకున్నా."

డెల్ మట్టి వైపు చూశాడు. పరుగెత్తుతూ నేల మీద పక్కకు జారినవాడికి అంటుకునే మట్టి అది. తుంటి అరిగినవాడు అలా జారితే మళ్ళీ లేవడు.

అప్పుడు వినిపించింది. గది వెనక సొరంగం ఉంది. దాని చివర బ్యాటింగ్ సాధన చేసే వలగది. అక్కణ్ణుంచి టక్ అని చప్పుడు. కాసేపాగి మళ్ళీ టక్.

"అదేంటి?"

"రోజూ ఉండేదే."

"వెళ్ళి చూశావా?"

"చూడమని పదకొండో షరతులో లేదు బాస్."

డెల్ సొరంగంలో నడిచాడు. అరవై అడుగులుంటుంది. సగం దూరం వెళ్ళేసరికి చప్పుడు ఆగిపోయింది. వలగదిలో దీపం వెలుగుతోంది. బంతులు విసిరే యంత్రం ప్లగ్గు పీకేసి ఉంది. అవతలి వల కింద బంతులు పడి ఉన్నాయి. అందులో ఒకటి ఇంకా దొర్లుతోంది. అది ఆగేదాకా డెల్ అక్కడే నిలబడ్డాడు. తర్వాత పైకి వెళ్ళి టార్బెల్ ఫోనుకు పదిహేడో సందేశం పెట్టాడు.

నాలుగింటికి రావలసిన డాక్టర్ ఆల్కాట్ పన్నెండింటికే వచ్చింది. ఆట ఒంటిగంటకు, డబ్బు పెట్టకుండా చూడవచ్చు. పైకి వెళ్ళే దారి తెలియక ఆటగాళ్ళ గదిలోకి వెళ్ళింది. అక్కడ పెగెరో లాకర్ ముందు టోపీ తీసి నిలబడి ఉన్నాడు. ఆమె ఎవరి కోసం వచ్చిందో చెప్పింది. పెగెరో ఆమె చెయ్యి పట్టుకుని, ఆలస్యంగా వచ్చారని చెప్పాడు.

ఆమె డెల్ గదిలోకి వచ్చి కూర్చోలేదు.

"చాలా విచారించాను హార్ట్‌విక్ గారూ. కానీ ముందే చెప్పాల్సింది. మాది ఒంట్లో బాగాలేని వాళ్ళ పాలసీ. పోయినవాళ్ళకి వర్తించదు. ఫైలు మూసేస్తున్నాను."

"పోలేదండీ! బతికే ఉన్నాడు."

"ఎక్కడ?"

డెల్ ఫోన్ తీసి చూసుకున్నాడు.

"మీరు ఆయన్ని ఆఖరిసారి చూసిందెప్పుడు?"

"రెండేళ్ళ కిందట. కానీ రోజూ వస్తున్నాడు. రోజూ బట్టలు మాస్తున్నాయి."

డాక్టర్ ఆల్కాట్ కలం తీసింది. "రోజూ బట్టలు మాస్తున్నాయంటే ఆడగలడన్నమాట."

"లేదు లేదు. ఆడలేడు. నాలుగు అడుగులు వెయ్యలేడు."

"మరి బట్టలు మాపుతున్నదెవరు?"

ఏనుగు బతికినా వెయ్యే, చచ్చినా వెయ్యే అంటారు. టార్బెల్ విషయంలో అది కుదరలేదు. చచ్చిపోతే ఏమీ రాదు. బతికి ఆడినా ఏమీ రాదు. బతికి ఉండి, కూర్చున్న చోటినుంచి లేవకుండా ఉంటేనే అయిదు కోట్ల నలభై లక్షలు.

"ఆట అయ్యేదాకా ఇక్కడే ఉంటాను," అంది డాక్టరు. "మనిషిని కళ్ళతో చూడాలి. బ్యాట్ పట్టకూడదు. అంతే, సంతకం పెట్టేస్తాను. తినడానికేమైనా ఉందా?"

డెల్ ఆమెకు హాట్ డాగ్ తెప్పించాడు. ఆమె ఆవాల ముద్ద ఎక్కువ వేయించుకుంది.

రేడియోలో ఆట చెప్పే బడ్ ఫెనెల్ ఎనిమిది రోజులుగా ఆ నల్ల టేపులు చూస్తున్నాడు. కోచ్ స్టాబ్‌ను అడిగితే గెలుస్తున్నన్నాళ్ళూ రేడియోవాళ్ళతో మాట్లాడనన్నాడు. ఆ రోజు ఫెనెల్ పెగెరోను అడిగాడు. పెగెరో చెప్పాడు. ఒంటిగంటకు ఐదు నిమిషాలు తక్కువగా ఫెనెల్ గొంతు స్టేడియం స్పీకర్లలోంచి వచ్చింది. గ్రేడీ టార్బెల్ ఆత్మశాంతికి ఒక నిమిషం మౌనం పాటిద్దామన్నాడు.

డెల్ ఫోన్ అందుకునే లోపల ముప్పై ఒక్క వేల మంది లేచి నిలబడ్డారు. లేచాక, ఎవరూ పోలేదు కూర్చోండని చెప్పడం ఎలాగో అతనికి తోచలేదు. స్టేడియంలో వాయిస్తున్న ఆర్గన్ ఆగిపోయింది. సరస్సు మీదినుంచి పొగమంచు గోడ దాటి మైదానంలోకి వచ్చింది. దూరాన నిలబడ్డ ముగ్గురు ఆటగాళ్ళూ మంచులో కనపడకుండా పోయారు.

మౌనం సగంలో ఉండగా సొరంగంలో మేకుల బూట్ల చప్పుడు వినిపించింది. కాంక్రీటు మీద ఒక్కో అడుగు. నలభై ఏడో నంబరు చొక్కా వేసుకున్న మనిషి డగౌట్ మెట్లెక్కి వచ్చాడు. ఆటగాళ్ళు కూర్చునే చోట మిగతావాళ్ళు వరసగా తలలు వంచుకుని ఉన్నారు. అతను వాళ్ళ చివర నిలబడి, టోపీ తీసి, తనూ తల వంచుకున్నాడు. పక్కన పెగెరో ఉన్నాడు.

"ఎవరు పోయారు?" అని మెల్లగా అడిగాడు.

పెగెరో చొక్కా నంబరు చూశాడు. మొహం చూశాడు. శిలువ గుర్తు వేసుకున్నాడు.

"మీరేనండీ."

అతను తల ఊపి నిమిషం పూర్తయ్యేదాకా అలాగే నిలబడ్డాడు.

జనం చూశారు. మొదట ఒక మూల ఎవరో అరిచారు. తర్వాత అందరూ అరిచారు. కోచ్ స్టాబ్ వెనక్కి తిరిగి చూసి, "ఒరేయ్ టార్బెల్, నువ్వా? ఇదేనా రావడం? సరే, ఆ మూల కూర్చో," అన్నాడు. అతను బల్ల చివర కూర్చున్నాడు. మిగతావాళ్ళు రెండు బారల దూరం జరిగారు. తర్వాత మూడు గంటలు అతనితో ఎవరూ మాట్లాడలేదు. అతని ముందు పెట్టిన మంచినీళ్ళ గ్లాసు అలాగే ఉంది.

పైన డాక్టర్ ఆల్కాట్ బైనాక్యులర్స్ దించింది. "ఉన్నాడు. మంచిది. ఇక లేవకుండా చూసుకోండి."

ఎనిమిది ఇన్నింగ్స్ అతను లేవలేదు. డెల్ టై సడలించుకున్నాడు. ఆఖరిదైన తొమ్మిదో ఇన్నింగ్స్‌కు రెండు జట్లూ మూడు మూడు పరుగుల మీద ఉన్నాయి. హెరాన్స్ ఇద్దరు అవుటయ్యారు, మూడోవాడూ అవుటైతే వాళ్ళ వంతు అయిపోతుంది. తర్వాత బ్యాటింగ్‌కు రావలసినవాడు ఆ రోజు మూడుసార్లు బంతి తగలకుండా వెళ్ళిన మనిషి. జనం టార్బెల్ పేరు పట్టి కాళ్ళతో నేల తన్నడం మొదలుపెట్టారు. స్టాబ్ బల్ల చివరికి చూశాడు.

డెల్ డగౌట్‌కు ఫోన్ కలిపాడు. కింద ఫోన్ మోగడం పైనుంచి కనబడుతోంది. చిన్న ఎర్ర దీపం వెలిగి ఆరుతోంది. స్టాబ్ దాని వైపు చూశాడు, ఎత్తలేదు. తొమ్మిది రోజుల కిందట ఆ ఫోన్ ఎత్తిన రోజే వాళ్ళు ఆఖరుసారి ఓడిపోయారు. అప్పటినుంచి దాని మీద ఎవరూ చెయ్యి వేయలేదు. ఇరవై రెండుసార్లు మోగింది. డెల్ ఫోన్ వదిలేసి మెట్ల మీద పరుగెత్తాడు. నూట పద్నాలుగు మెట్లు. సొరంగం చివరికి వచ్చేసరికి రొప్పు వచ్చింది. ఇగ్గీ అక్కడ నిలబడి ఉన్నాడు.

"ఆపు! ఆపవయ్యా వాణ్ణి!"

"ఎట్లా ఆపను బాస్? బ్యాట్ పట్టుకుని గీత దాటాడు."

బంతి వచ్చింది. టక్ అంది. ఉదయం వలగదిలో విన్న చప్పుడే. బంతి పొగమంచులోకి లేచి పోయింది. అవతలి జట్టువాడు గోడ దగ్గర గ్లవ్ తెరిచి పట్టుకుని పైకి చూస్తూ నిలబడ్డాడు. చాలాసేపు నిలబడ్డాడు. అంపైర్లు నలుగురూ వెళ్ళి అతని పక్కన నిలబడి పైకి చూశారు. గోడ అవతల వెతికించారు. బంతి దొరకలేదు. లోపల పడలేదు కాబట్టి హోమ్ రన్ అని తేల్చారు. ఈలోగా నలభై ఏడో నంబరు మనిషి నాలుగు బేసులూ చుట్టి వచ్చాడు. హెరాన్స్ గెలిచారు.

అతను కుంటలేదని డెల్ గమనించాడు. సొరంగంలోకి వస్తూ అతను డెల్ పక్కనుంచి దాటాడు. నొప్పులకు రాసుకునే నూనె వాసన, దాని వెనకే చల్లటి గాలి.

"గ్రేడీ," అన్నాడు డెల్. "నాలుగింటికి డాక్టరు..."

"రేపు కూడా వస్తాను," అన్నాడతను ఆగకుండా. "ఒప్పందం ఉంది కదా."

డాక్టర్ ఆల్కాట్ ఫైలు మీద రెండే మాటలు రాసింది. 'ఆడాడు. చెల్లదు.' వెళ్తూ వెళ్తూ, అలాంటి దెబ్బ తను ఎప్పుడూ చూడలేదని డెల్ చెయ్యి పట్టుకుని ఊపింది.

ఐదింటికి డెల్ ఉత్త చేతులతో మిసెస్ వోస్ గదిలోకి వెళ్ళాడు. తన గదిలోని సామానుకు ఎన్ని అట్టపెట్టెలు కావాలో దారిలో లెక్క వేసుకున్నాడు. ఆమె రేడియో పక్కన కూర్చుని రుమాలుతో కళ్ళు ఒత్తుకుంటోంది.

"మేడమ్, ఆ కాగితం..."

"ఏ కాగితం? నలభై ఏళ్ళు ఈ జట్టు నా సొమ్ము తింది. ఇవాళ ఒక మనిషి చచ్చి లేచొచ్చి బంతిని మబ్బుల్లోకి కొట్టాడు. టికెట్ల వరస సరస్సు దాకా ఉందిట. అబ్బాయ్, ఈ ఒప్పందం ఎన్నాళ్ళుంది?"

"మూడేళ్ళు మేడమ్."

"చాలదు. మూడేళ్ళయ్యాక ఎవరో తన్నుకుపోతారు. ఇంకో ఐదేళ్ళు కలిపి రాయి."

"అతనికి ముప్పై ఎనిమిది మేడమ్. అప్పటికి..."

"నాకు ఎనభై నాలుగు. నేను పనిచేయడం లేదూ? రేపు తొమ్మిదింటికి సంతకం పెట్టిన ఒప్పందం నా బల్ల మీద ఉండాలి. లేకపోతే సోమవారం చెప్పిన మాటే."

ఆరింటికి డెల్ కొత్త ఒప్పందం తీసుకుని ఆటగాళ్ళ గదికి వెళ్ళాడు. అందరూ వెళ్ళిపోయారు. ఇగ్గీ బుట్ట దగ్గర నిలబడి ఉన్నాడు. బుట్టలో నలభై ఏడో నంబరు చొక్కా, చెమటతో తడిగా ఉంది. లాకర్ దీపం వెలుగుతోంది. డెల్ జేబులో ఫోన్ మోగింది.

"డెల్, గ్రేడీని. ఇన్నాళ్ళూ ఫోన్ ఎత్తలేదు, ఏమనుకోకు. ఆడకుండా జీతం తింటూ నీతో ఏం మాట్లాడను?"

"ఎక్కడున్నావ్?" అన్నాడు డెల్. ఫోనులో నీళ్ళ చప్పుడు వినిపిస్తోంది.

"ఫ్లోరిడాలో, నా పడవ మీద. మీ ఊరొచ్చి రెండేళ్ళయింది. నేను పోయానని రేడియోలో చెప్పారట, మా అక్క ఏడుస్తూ ఫోన్ చేసింది. ఇక చాలు డెల్. రిటైరైపోతా. మిగిలిన మూడేళ్ళ డబ్బూ నాకొద్దు. రేపు ఉత్తరం రాసి పంపిస్తా."

ఈ మాట కోసం డెల్ నాలుగేళ్ళు ఎదురుచూశాడు. బుట్టలో చొక్కా వైపు చూశాడు.

"పంపకు," అన్నాడు.

"ఏంటీ?"

"పంపకు గ్రేడీ. కొన్నాళ్ళాగు."

"ఏడు కోట్లు ఊరికే వదిలేస్తానంటే వద్దంటావేంటయ్యా?"

"నువ్వు ఇవాళ హోమ్ రన్ కొట్టావు."



"తుంటి ఎట్లా ఉంది?" అని అడిగాడు టార్బెల్.

"కుంటలేదు."

"అదృష్టవంతుడు," అని టార్బెల్ ఫోన్ పెట్టేశాడు.

ఆడింది టార్బెల్ కాదని చెబితే ఇన్సూరెన్స్ డబ్బు వస్తుంది. అప్పుడు ఆడిందెవరో చెప్పాలి. డెల్ ఇగ్గీ వైపు చూశాడు. ఇగ్గీ ఉతికిన చొక్కా హ్యాంగరుకు తగిలిస్తున్నాడు.

"నువ్వేమంటావ్ ఇగ్గీ?"

"తొమ్మిది గెలిచాం బాస్. నేనైతే ఏదీ కదిలించను."

డెల్ స్టూలు మీది టోపీ పక్కకు జరిపి, ఒప్పందం అక్కడ పెట్టి, దాని మీద కలం పెట్టాడు. ఇద్దరూ బయటికి వచ్చి తలుపు దగ్గరికి వేశారు.

ఉదయం ఏడింటికి వచ్చేసరికి ఒప్పందం ప్రతి పేజీలోనూ సంతకం ఉంది. ఆఖరి పేజీ అంచున ఎర్రమట్టి వేలిముద్ర ఉంది. ఏడేళ్ళ కిందటి ఒప్పందం తీసి డెల్ పక్కన పెట్టుకుని చూశాడు. ఒకే చేతి రాత, ఒకే వాలు. కలం క్యాప్ పెట్టి ఉంది. తొమ్మిదికి పది నిమిషాల ముందు అతను దాన్ని మిసెస్ వోస్ బల్ల మీద పెట్టాడు. ఆమె కళ్ళద్దాలు పెట్టుకుని సంతకం చూసి, వెళ్ళి పని చూసుకొమ్మంది.

కుర్చీ నిలబడ్డ సంతోషంలో లిఫ్టులో రెండంతస్తులు దిగాక గానీ డెల్‌కు గుర్తు రాలేదు, వైద్య పరీక్ష ఈసారి కూడా చేయించలేదని.